రైలు ఎవరి అమానతు?

గత షాబాన్ నెలాఖరులో మదరసాకు సెలవులు ప్రకటించిన మరునాడు, ఇద్దరు చిన్న విద్యార్థులను వారి ఇళ్లకు చేర్చే నిమిత్తం మేము డోర్నకల్ నుండి సికింద్రాబాదుకు జనరల్ బోగీలో బయలుదేరాము. మాకు ఎదురుగా హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు కూర్చున్నాడు. అతని పక్కన సుమారు అరవై ఏళ్ల పెద్దమ్మ ఒకామె ఒడిలో గుడ్డసంచి పెట్టుకుని ఉన్నది. భర్తకు నెలనెలా కావలసిన మందుల కోసం వరంగల్ ఆసుపత్రికి పోతున్నానని ఆమె చెప్పింది.

మాటల్లో మాటగా రైళ్ల ప్రస్తావన వచ్చింది. యువకుడు ఇలా అన్నాడు: "రైళ్లన్నీ ప్రైవేటు వారికి అప్పగిస్తే గాని బాగుపడవు. ఫోన్లు చూడండి, విమానాలు చూడండి. పోటీ ఉన్న చోటనే సేవ ఉంటుంది."

పెద్దమ్మ కొంతసేపు ఆలోచించి, "మంచిగనే చేస్తరు కావచ్చు బిడ్డా. మరి టికెట్టు ఎంత చేస్తరు? ఊరూరికి ఆగుతదా గా బండి?" అని అడిగింది.

యువకుడు జవాబు కోసం తడుముకున్నాడు. తర్వాత ఇద్దరూ మా వైపు చూశారు. "మీరే చెప్పండి మౌలానా" అని అతడు, "నువ్వు చెప్పు సాయిబూ" అని ఆమె. చదువుకున్న వానిని అడిగితే న్యాయం దొరుకుతుందని వారి నమ్మకం. తెలియని విషయంలో తొందరపడి తీర్పు చెప్పడం పండితుల లక్షణం కాదని మా గురువులు నేర్పారు. అందుచేత అప్పటికి చిరునవ్వుతో దాటవేశాము. అయితే ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. తెలిసినవారిని అడిగి, దొరికిన గ్రంథాలు తిరగవేసి, మాకు అర్థమైనంత మేరకు ఈ నెల శీర్షికలో పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ముందుగా ఒక విశేషం చెప్పాలి. ఆ రోజు మేము ముగ్గురమూ ఏ పట్టాల మీద కూర్చుని వాదించుకున్నామో, ఆ పట్టాలకే ఈ ప్రశ్నకు సంబంధించిన చరిత్ర ఉన్నది. ఈ దారి ఒకప్పుడు ప్రభుత్వానిది. ఆ తర్వాత లండనులోని ప్రైవేటు కంపెనీది. మళ్లీ ప్రభుత్వానిది. నూట యాభై ఏళ్ల ఆ కథను ఒకసారి నెమరు వేసుకుందాము.

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1874లో, వాడి జంక్షన్ నుండి హైదరాబాదు, సికింద్రాబాదులకు రైలు వచ్చింది. బొంబాయి నుండి మద్రాసుకు పోయే ప్రధాన మార్గంతో రాజధానిని కలిపే దారి అది. అది నిజాం ప్రభుత్వపు రైలు. తొలి సంవత్సరాలలో ఆదాయం అంతంత మాత్రమే కావడంతో భారమంతా ఖజానా మీద పడింది. ఆ భారాన్ని దింపుకోవాలన్న ఆలోచనకు, రైలును తూర్పుగా వరంగల్ మీదుగా బెజవాడ వరకు, ఉత్తరాన చాందా వరకు పొడిగించాలన్న కోరిక తోడయింది. ఫలితంగా 1883లో లండనులో ఒక కంపెనీ ఏర్పడింది. దాని పేరు నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ పేరులోని 'గ్యారంటీడ్' అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. మన కథకు అదే కీలకం.

గ్యారంటీ అంటే ఏమిటి? కంపెనీ వాటాదారులు పెట్టిన పెట్టుబడి మీద 20 సంవత్సరాల పాటు సాలీనా 5 శాతం రాబడికి నిజాం ప్రభుత్వం పూచీ పడింది. రైలుకు లాభం వచ్చినా రాకున్నా వాటాదారునికి అతని 5 శాతం అందుతుంది. రైలు సంపాదించలేకపోతే తక్కువపడిన సొమ్మును ఖజానా నింపుతుంది. ఆ ఖజానా ఎవరిది? తెలంగాణ, మరాట్వాడా, కన్నడ జిల్లాలలో భూమిశిస్తు కట్టిన రైతులది. వారిలో అధికులు తమ జీవితకాలంలో రైలును చూసి కూడా ఉండరు.

ఇది హైదరాబాదులో పుట్టిన పద్ధతి కాదు. అంతకు పూర్వమే బ్రిటిష్ ఇండియాలో తొలి రైలు కంపెనీలన్నీ ఈ విధమైన 5 శాతం పూచీతోనే వచ్చాయి. భూమిని ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. పూచీ ఉన్నది కనుక పొదుపు చేయవలసిన అవసరం కంపెనీకి లేకపోయింది. భారత ప్రభుత్వంలో ఆర్థిక శాఖ నిర్వహించిన విలియం మాస్సీ 1872లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఈ విషయమే సాక్ష్యం చెప్పాడు. ఐదు శాతం తప్పకుండా అందుతున్నంత కాలం తన డబ్బును హుగ్లీ నదిలో పారవేశారా, ఇటుకలూ సున్నంగా మార్చారా అన్నది పెట్టుబడిదారునికి పట్టని సంగతి అన్నది ఆయన మాటల సారాంశం.

మదరసాలో వ్యాపార నియమాల పాఠం చెప్పేటప్పుడు మేము విద్యార్థుల చేత మొట్టమొదట కంఠస్థం చేయించే సూత్రం ఒకటున్నది. నష్టభయాన్ని మోసేవానికే లాభం మీద హక్కు. ముదారబా భాగస్వామ్యంలో ఒకరు సొమ్ము పెడతారు, మరొకరు శ్రమ పెడతారు. లాభం వస్తే ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే సొమ్ము పెట్టినవాని సొమ్ము పోతుంది, శ్రమ పెట్టినవాని శ్రమ పోతుంది. "నష్టం నీది, నా లాభం మాత్రం ఖాయం" అన్న షరతు పెడితే ఆ ఒప్పందం వ్యాపారంగా చెల్లదు. గ్యారంటీ రైల్వేలలో జరిగినది సరిగ్గా ఇదే. వాటాదారునికి వ్యాపారి లాభం దక్కింది, వ్యాపారి భయం మాత్రం అంటలేదు. ఆ భయాన్ని రైతు మోశాడు.

హైదరాబాదు ప్రజలు దీనిని మౌనంగా భరించారని అనుకోరాదు. 1883లోనే ఈ ఒప్పందం గురించి నగరంలో ఆందోళన చెలరేగింది. చరిత్రలో దానిని చాందా రైల్వే ఆందోళన అంటారు. హైదరాబాదు కాలేజీ ప్రిన్సిపాల్, సరోజినీ నాయుడు తండ్రి అయిన డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, ధార్మిక పండితుడైన ముల్లా అబ్దుల్ ఖయ్యూం ప్రభృతులు అందులో ముందు నిలిచారు. వారు రైలు వద్దని అనలేదు. ఒప్పందంలో ఏమున్నదో, భారం ఎంత పడుతుందో ప్రజలకు తెలియజేయమని అడిగారు. అందుకు ఫలితంగా అఘోరనాథ్‌ను నగరం నుండి బహిష్కరించారు. ఆయన తిరిగి రావడానికి కొంతకాలం పట్టింది. ఒక బెంగాలీ విజ్ఞానశాస్త్ర పండితుడు, ఒక దక్కనీ ఆలిం కలిసి లెక్క అడిగారన్న ఈ సంగతి మన పిల్లలకు తప్పక చెప్పదగినది. తమ నగరంలో ప్రజా ఉద్యమాల చరిత్ర ఒక రైల్వే ఒప్పందంతో మొదలయిందని హైదరాబాదు వాసులలో ఎందరికి తెలుసు?

ఇక న్యాయంగా రెండవ వైపు కూడా చెప్పాలి. కంపెనీ పని చేయలేదని అనడం అసత్యమవుతుంది. 1886లో రైలు వరంగల్ చేరింది. 1889లో బెజవాడ వరకు దారి పూర్తయింది. సింగరేణి బొగ్గు బయటి ప్రపంచానికి చేరినది ఈ దారి మీదనే. కంపెనీ నేర్పరితనం, ఇంజనీర్ల శ్రమ కాదనలేనివి. అయితే ఏ చాందా పేరు మీద ఆందోళన జరిగిందో ఆ దిక్కున కాజీపేట నుండి బల్లార్షా వరకు దారి పూర్తి కావడానికి 1920ల చివరి వరకు ఆగవలసి వచ్చింది. రాబడి ఉన్న దిక్కుకు పట్టాలు త్వరగా పోయాయి, లేని దిక్కుకు నెమ్మదిగా పోయాయి. ఇందులో కంపెనీ దుర్మార్గం ఏమీ లేదు. కంపెనీ స్వభావమే అది.

ఆ రోజులలో దేశమంతటా ఇదే చర్చ సాగుతుండేది. 1920లో సర్ విలియం అక్‌వర్త్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. రైళ్లను కంపెనీలే నడపాలా, ప్రభుత్వమే నడపాలా అన్నది దాని ముందున్న ప్రధాన ప్రశ్న. సభ్యులకు ఏకాభిప్రాయం కుదరలేదు. అధ్యక్షుడు మాత్రం ప్రభుత్వ నిర్వహణ వైపే మొగ్గాడు. ఆ తర్వాత 1925లో ఈస్ట్ ఇండియన్, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలు ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చాయి. హైదరాబాదులో 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీ నుండి రైల్వేను కొనివేసింది. అర్ధ శతాబ్దం కిందట చేయి జారినది తిరిగి చేతికి వచ్చింది, కొనుగోలు ధర చెల్లించిన తర్వాత.

తర్వాత జరిగినది ఇంకా ఆసక్తికరం. రెండేళ్లు తిరిగేసరికి, 1932 జూన్‌లో, ఆ ప్రభుత్వ రైల్వేయే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పింది. నేడు రెండు తెలుగు రాష్ట్రాలలో మనం ఎక్కుతున్న ఆర్టీసీ బస్సుల మూలపురుషుడు ఆ శాఖయే. రైలు లేని ఊరికి బస్సు, బస్సు దిగిన చోట రైలు. రెండూ ఒకే చేతిలో ఉన్నందున ఒకదానితో ఒకటి పోటీపడి చెడిపోలేదు. ఒకటి మరొకదానికి ఊతమైంది. ప్రజల సొత్తును ప్రజల కోసం నడిపితే ఏమి సాధ్యమో చెప్పడానికి మన ఇంటి ఉదాహరణ ఇది. 1950లో ఈ రైల్వే కేంద్ర ప్రభుత్వానికి చెందింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

"ఇదంతా పాత కథ మౌలానా, నేటి ప్రైవేటు వేరు" అని ఆ యువకుడు అనవచ్చు. అయితే నేటి కథనే చూద్దాము. రైలుకు పుట్టినిల్లయిన ఇంగ్లాండులోనే మన కళ్ల ముందు ఆ ప్రయోగం జరిగింది.

1993లో బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టంతో అక్కడి ప్రభుత్వ రైల్వే ముక్కలయింది. పట్టాలు, సిగ్నళ్లు, స్టేషన్లు రైల్‌ట్రాక్ అనే కంపెనీకి వెళ్లాయి. 1996లో దాని వాటాలు అంగడిలో అమ్ముడయ్యాయి. బోగీలు కొన్ని కంపెనీలకు, బండ్లు నడిపే హక్కు మరికొన్ని కంపెనీలకు చేరాయి. 2000 అక్టోబర్ 17న లండనుకు ఉత్తరాన హాట్‌ఫీల్డ్ వద్ద ఒక రైలు పట్టాలు తప్పి నలుగురు మరణించారు. పట్టా పగుళ్లు బారి ముక్కలయింది. ఆ పట్టా చెడిపోయిందన్న సంగతి ప్రమాదానికి చాలా ముందే తెలుసు. మార్చవలసిన పట్టా మారలేదు. పట్టా ఒకరిది, దాని మరమ్మతు కాంట్రాక్టు ఇంకొకరిది, దాని మీద పోయే బండి వేరొకరిది. నలుగురి ప్రాణాలకు జవాబు చెప్పవలసింది ఎవరన్న ప్రశ్న కోర్టుల్లో సంవత్సరాల తరబడి నలిగింది. ఏడాది తిరిగేసరికి రైల్‌ట్రాక్ దివాలా స్థితికి చేరింది. 2002లో వాటాదారులు లేని, లాభం పంచని నెట్‌వర్క్ రైల్ అనే సంస్థ పట్టాలను స్వాధీనం చేసుకున్నది.

బండ్లు నడిపే కంపెనీల సంగతి కూడా వినదగినదే. లండను నుండి ఎడిన్‌బరోకు పోయే తూర్పు తీరపు మార్గాన్ని తీసుకున్న కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటిగా, ఒప్పుకున్న సొమ్ము ప్రభుత్వానికి చెల్లించలేక చేతులెత్తివేశాయి. 2009లో ఒకటి, 2018లో మరొకటి అలా వైదొలగాయి. రెండు మార్లూ ప్రభుత్వమే బండ్లు నడపవలసి వచ్చింది. ఒక్క రోజు కూడా రైలు ఆగలేదు, ఎందుకంటే ఆగడానికి వీలులేదు. ఇక్కడే అసలు రహస్యం ఉన్నది. బట్టల దుకాణం దివాలా తీస్తే తలుపులు మూసుకుంటుంది, కొనుగోలుదారులు పక్క దుకాణానికి పోతారు. రైలు దివాలా తీసినా తలుపులు మూసుకోలేదు. కనుక కాగితం మీద గ్యారంటీ అన్న మాట ఉన్నా లేకున్నా, చివరి పూచీ ఎప్పుడూ ప్రజలదే. 1883లో హైదరాబాదులో బాహాటంగా రాసుకున్న షరతు ఇంగ్లాండులో రాయకుండానే అమలయింది. చివరికి 2024లో బ్రిటన్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్లను తిరిగి ప్రజల యాజమాన్యంలోకి తెచ్చే చట్టం చేసింది. 2025 మే నుండి ఆ చట్టం కింద ఒక్కొక్క కంపెనీ ఒప్పందం ముగిసిన కొద్దీ ఆ బండ్లు ప్రభుత్వానికి చేరుతున్నాయి.

ఇక్కడ కూడా త్రాసు రెండవ పళ్లాన్ని దాచరాదు. ప్రైవేటు కంపెనీల కాలంలో బ్రిటన్‌లో రైలు ప్రయాణాల సంఖ్య రెట్టింపుకు మించి పెరిగింది. జపాన్ 1987లో అప్పులలో మునిగిన తన జాతీయ రైల్వేను విభజించి కంపెనీలుగా మార్చింది. టోక్యో, ఒసాకాల చుట్టూ ఉన్న కంపెనీలు నేడు ప్రపంచానికే ఆదర్శమన్నది నిజం. అయితే అదే జపాన్‌లో, జనం పలుచగా ఉండే హొక్కయిడో ద్వీపపు రైలు కంపెనీ నష్టాలలో ఉన్నది. అక్కడ పల్లె దారులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. కిక్కిరిసిన నగరంలో ప్రైవేటు రైలు లాభసాటి. ముసలివారు మాత్రమే మిగిలిన పల్లెలో కాదు. పెద్దమ్మ అడిగిన ప్రశ్న ఇదే కదా: "ఊరూరికి ఆగుతదా గా బండి?"

మన దేశానికి వద్దాము. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం 109 జంట మార్గాలలో 151 ప్రయాణికుల రైళ్లను 35 సంవత్సరాల పాటు ప్రైవేటు సంస్థలకు అప్పగించే ప్రణాళికను ముందుకు తెచ్చింది. సుమారు 30,000 కోట్ల రూపాయల పెట్టుబడి రాగలదని అంచనా వేశారు. పట్టాలు, సిగ్నళ్లు, డ్రైవరు, గార్డు రైల్వేవారే. బండి కంపెనీది. టికెట్టు ధర కంపెనీ ఇష్టం. మన సికింద్రాబాదు కూడా ఆ జాబితాలో ఉన్నది. ఏడాది తర్వాత, 2021 జూలైలో, టెండర్లు తెరిస్తే మిగిలినవి రెండే సంస్థలు. ఒకటి హైదరాబాదు కేంద్రంగా ఉన్న నిర్మాణ సంస్థ, రెండవది రైల్వే సొంత సంస్థ అయిన ఐఆర్‌సీటీసీ. ఆ ప్రయత్నం అంతటితో ఆగింది.

ఎందుకు ఎవరూ రాలేదు? ఈసారి నష్టభయాన్ని కంపెనీయే మోయాలని షరతు ఉన్నది. ఆదాయంలో వాటా ఇవ్వాలి, పట్టాల మీద పోయినందుకు కిరాయి చెల్లించాలి, ప్రయాణికులు ఎక్కకపోతే నష్టం భరించాలి. ఆ మాట వినగానే చాలామంది వెనుదిరిగారు. ఇందుకు వారిని నిందించనవసరం లేదు, వ్యాపారి లెక్క వ్యాపారిది. అయితే మనం నేర్వవలసిన పాఠం ఒకటున్నది. పూచీ ఉన్నప్పుడు లండను నుండి వచ్చిన పెట్టుబడి, పూచీ లేనప్పుడు పక్క వీధి నుండి కూడా రాలేదు.

మన రైలు టికెట్టు మీద ఒక వాక్యం అచ్చువేసి ఉండడం పాఠకులు చూసే ఉంటారు. ప్రయాణానికి అయ్యే ఖర్చులో సగటున 57 శాతమే టికెట్టు ద్వారా వస్తున్నదని దాని భావం. మిగిలినది ఎక్కడి నుండి? అధిక భాగం బొగ్గు, సిమెంటు, ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండ్ల ఆదాయం నుండి. ఆ వాక్యాన్ని కొందరు ప్రయాణికుని మీద ఉపకారంగా చదువుతారు. మేము దానిని మరో విధంగా చదువుతాము. ఆసుపత్రికి పోయే పెద్దమ్మ ప్రయాణపు ఖర్చును, ఈ దేశం తన బొగ్గు సంపాదన నుండి కొంత పంచుకుంటున్నది. ఒక కుటుంబంలో సంపాదించే కొడుకు జీతం నుండి తల్లి మందులు కొనడం లాంటిదే ఇది. దానిని నష్టమని ఎవరూ అనరు. లాభం వచ్చే బండ్లను మాత్రం వేరు చేసి ఇచ్చివేస్తే, కుటుంబం నుండి సంపాదించే కొడుకు వేరు పడినట్లే. అప్పుడు తల్లి మందుల లెక్క నిజంగానే నష్టంగా కనిపించడం మొదలవుతుంది.

అట్లని ప్రభుత్వం చేతిలో ఉన్నంత మాత్రాన అమానతు భద్రమని మేము అనము. 2020 మార్చిలో, కరోనా వేళ, వయోవృద్ధుల రాయితీని నిలిపివేశారు. అరవై దాటిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు 50 శాతం ఉండేది అది. కరోనా పోయినా అది తిరిగి రాలేదు. అదే కాలంలో పాసింజరు బండ్లకు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు మార్చడంతో 10 రూపాయల కనీస టికెట్టు 30 రూపాయలయింది. 2024 ఫిబ్రవరిలో గాని మళ్లీ పదికి దిగలేదు. యజమాని మారకుండానే మనసు మారవచ్చు. ప్రభుత్వమే వ్యాపారి కళ్లతో చూడడం మొదలుపెడితే, బోర్డు మీద ఎవరి పేరు ఉంటే ఏమి? ఆ యువకుని కోపంలో ఇంతవరకు న్యాయం ఉన్నది. లెక్క చెప్పని ప్రభుత్వం కూడా ఒక విధమైన కంపెనీయే.

ఈ సందర్భంలో మన పూర్వీకులు చేసిన మరో ప్రయోగాన్ని గుర్తు చేయకుండా ఉండలేము. ఉస్మానియా సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ 1900లో డమాస్కస్ నుండి పవిత్ర నగరాలకు హిజాజ్ రైల్వేను తలపెట్టాడు. విదేశీ అప్పు తీసుకోలేదు, వాటాలు అమ్మలేదు. ప్రపంచంలోని ముస్లింలు విరాళాలు పంపారు. ఈ గడ్డ నుండి కూడా సొమ్ము పోయింది. హైదరాబాదులో ఆ నిధి సేకరణకు పాటుపడినవారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఒకరు. అవును, 1883లో గ్యారంటీ ఒప్పందానికి లెక్క అడిగిన ఆయనే. రైలు పట్ల ఆయనకు ద్వేషం ఏ కోశానా లేదనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి? ఒక రైలుకు లెక్క అడిగాడు, ఇంకొక రైలుకు జోలె పట్టాడు. ఒకటి ఇతరుల కష్టం మీద పూచీ కోరింది. రెండవది ఎవరికీ వడ్డీ బాకీ పడలేదు.

1908లో సుమారు 1,300 కిలోమీటర్ల దారి మదీనా చేరింది. ఒంటెల మీద నలభై రోజులు పట్టే ప్రయాణం కొద్ది రోజులకు తగ్గింది. ఆ రైలును వక్ఫ్‌గా భావించారు. అనగా దానికి వాటాదారుడు లేడు, అది ఎవరికీ ఆస్తి కాదు. అయితే ఇక్కడ కూడా తీపి మాటలతో సరిపెట్టరాదు. విరాళాలు చాలక ఉద్యోగుల జీతాల నుండి కోతలు విధించారు, సైనికుల చేత పని చేయించారు. మక్కా వరకు దారి వేయనే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టాలు ధ్వంసమయ్యాయి. యుద్ధానంతరం ఆ నేల పలు రాజ్యాలుగా చీలిపోతే రైలు కూడా ముక్కలయింది. వక్ఫ్ అన్న పేరు దానిని కాపాడలేకపోయింది. కాపాడవలసిన చేతులు మిగలలేదు.

వక్ఫ్ మాట వచ్చింది గనుక మన తప్పు కూడా ఒప్పుకుందాము. మన ఊళ్లలో వక్ఫ్ భూములకు, దర్గా ఆదాయాలకు లెక్క అడిగేవారు లేక ఎన్ని కరిగిపోయాయో పాఠకులకు మేము చెప్పనవసరం లేదు. అవి ప్రభుత్వం చేతిలో ఉన్నవీ కావు, కంపెనీకి అమ్మినవీ కావు. మన చేతిలోనే ఉన్నవి. కనుక పేరు ఒక్కటే చాలదు. ప్రభుత్వం, ప్రైవేటు, వక్ఫ్ అన్న మూడు పేర్ల వెనుకా అడగవలసిన ప్రశ్నలు ఒకటే.

నష్టం వస్తే మోసేది ఎవరు? లాభం లేని ఊరికి బండి నడిపేది ఎవరు? పట్టా విరిగితే జవాబు చెప్పేది ఎవరు? లెక్కలు చూసే హక్కు టికెట్టు కొన్నవానికి ఉన్నదా? రేపు ఏ పార్టీవారు ఏ ప్రణాళికతో వచ్చినా ఈ నాలుగింటినీ అడుగుదాము. నాలుగింటికీ స్పష్టమైన జవాబు చెప్పగలిగిన ప్రైవేటు సంస్థ బోగీలు శుభ్రపరచినా, భోజనం పెట్టినా మాకు అభ్యంతరం లేదు. జవాబు చెప్పలేని చోట, పేరు ప్రభుత్వానిదైనా ఊరుకోరాదు. అయితే ఒక భేదం ఉన్నది. ప్రభుత్వాన్ని ఓటుతో నిలదీయగలము, సమాచార హక్కుతో ప్రశ్నించగలము, పార్లమెంటులో అడిగించగలము. 35 ఏళ్ల ఒప్పందాన్ని అలా నిలదీయలేము. అందుకే పట్టాలు, బండి నడిపే బాధ్యత ప్రజల చేతిలో ఉండడమే మేలని, ఆ చేతిని మేల్కొల్పి ఉంచడం మన పని అని మా అభిప్రాయం.

అమానతు మన వైపు నుండి కూడా ఉన్నది. టికెట్టు లేకుండా ఎక్కినవాడు ప్రభుత్వాన్ని కాదు, ఆ పెద్దమ్మను మోసం చేసినట్లే. సీటు చింపినవాడు, కుళాయి విప్పుకుపోయినవాడు, తగిన కారణం లేకుండా గొలుసు లాగినవాడు అందరి సొత్తును దొంగిలించినవాడే. రైలు మనదని చెప్పే నోటికి, దానిని మనదిగా చూసుకునే చేయి తోడు కావాలి. ఈ మాట మా విద్యార్థులకు ఆ బోగీలోనే చెప్పాము. వారిలో చిన్నవాడు కింద పడిన వేరుశనగ తొక్కలను తనంతట తానే ఏరి కిటికీ బయటకు వేయబోయాడు. "అది కూడా మనదే" అంటే ఆగి, నవ్వి, జేబులో వేసుకున్నాడు.

వరంగల్ వచ్చింది. పెద్దమ్మ లేవబోతే యువకుడే ఆమె సంచి అందుకుని, జనంలో దారి చేస్తూ, ప్లాట్‌ఫారం మీద దింపి వచ్చాడు. వచ్చి కూర్చుని కొంతసేపు కిటికీలోంచి చూసి, "ఆమె సాయంత్రం బండికి తిరిగి వస్తుందట మౌలానా. ఆ బండి తప్పితే రాత్రికి ఇల్లు చేరలేదట" అన్నాడు.

ఆ సాయంత్రపు బండికి లాభం ఎంతో మాకు తెలియదు. అది రావాలని మాత్రం దుఆ చేశాము. పాఠకులూ చేయగలరు.